బోరు నీళ్లకి తెల్ల యూనిఫాం పచ్చబడిపోతోంది – కోవిడ్ వార్డు డ్యూటీకి గుడ్డ, కుట్టు, ఉతుకు ఎలా?

పంటురేవు – 2020 ఆగస్టు 9, రాత్రి 9:40

నమస్తే అండి. 16వ తారీఖు నుంచి ఐసోలేషన్ వార్డులో నర్సు డ్యూటీ. షిఫ్టు ఆరు గంటలు. వార్డులో ఏసీ లేదు, ఫ్యాన్లే. పీపీఈ కిట్ వాళ్లే ఇస్తారు, లోపల వేసుకునే బట్టలు మాత్రం ఎవరివి వాళ్లవే.

ఇప్పుడు ఉన్నవి టెర్రీకాట్ తెల్ల జతలు రెండు. పొడుగు చేతుల టాప్, కాలరు, చుడీ ప్యాంటు, చున్నీ. ఇల్లు లంకలో, బోరు నీళ్లే దిక్కు. కొట్టినప్పుడు తేటగానే ఉంటాయి, తెల్లారేసరికి బకెట్ అడుగున ఇటుకపొడి లాంటిది దిగుతుంది. బ్లీచింగ్ వేసి నానబెడితే తెల్లబడాల్సింది పోయి చంకల దగ్గర, మెడ దగ్గర పచ్చగా తేలుతోంది, అక్కడక్కడ తుప్పు మరకలు కూడా. ఈ వానలకి రెండు రోజులైనా ఆరట్లేదు, చెమ్మ పట్టిన ముక్క వాసన.

అడగాల్సినవి: కొత్తగా కుట్టించుకోవాలంటే ఏ గుడ్డ, ఎన్ని మీటర్లు, ఎన్ని జతలు? బ్లీచింగ్ అసలు ఎంత వెయ్యాలి? ఒకరు 1 శాతం అంటారు, ఒకరు చిటికెడు అంటారు. పసుపుతాడు, మెట్టెలు, శ్రావణ శుక్రవారం కట్టిన తోరం సంగతేంటి? ఇంటికి స్కూటర్ మీద రేవు దాకా, అక్కడి నుంచి పంటు (ఏరు దాటించే పడవ) మీద రావాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు. తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పగలరు.

లాండ్రీ సెక్షన్ – 2020 ఆగస్టు 9, రాత్రి 10:25

ముందు ఆ పచ్చదనం సంగతి తేల్చేద్దామండి. ఉతుకులో తప్పు లేదు, తప్పంతా నీళ్లది. మీరు చెప్పిన ఇటుకపొడి ఇనుము. భూమిలో ఉన్నంతసేపూ నీళ్లలో కరిగి కనిపించదు, గాలి తగిలాక తుప్పై అడుగుకి దిగుతుంది. గాలికి రాత్రంతా పట్టే ఆ పనిని బ్లీచింగ్‌లోని క్లోరిన్ నిమిషాల్లో చేసేస్తుంది, అదీ మీ గుడ్డ పోగుల మీదే. అందుకే ఎంత ఎక్కువ బ్లీచింగ్ వేస్తే అంత ఎక్కువ మరక. చంకలు, మెడ పచ్చబడటానికి ఇంకో కారణం, చెమట పూర్తిగా వదలకుండానే క్లోరిన్‌లో పెట్టడం. చెమటా క్లోరినూ కలిస్తే పసుపే మిగులుతుంది.

కాబట్టి ఆ బోరు నీళ్లలో బ్లీచింగ్ ఊసే వద్దు. వేడినీళ్లు, సబ్బు చాలు. ఈ వైరస్ పైపొర కొవ్వు పొర, సబ్బుకి విచ్చిపోతుంది. 60 నుంచి 90 డిగ్రీల వేడిలో డిటర్జెంట్‌తో ఉతకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా ఇదే.

ఇంట్లో థర్మామీటర్ ఉండదు కదా, లెక్క ఇలా వేసుకోండి. తెర్లుతున్న నీళ్లు సగం, మామూలు నీళ్లు సగం. మన దగ్గర మామూలు నీళ్లు 30 డిగ్రీలు ఉంటాయి కాబట్టి కలిపితే 65 వస్తుంది, బకెట్టూ గుడ్డా పీల్చుకున్నాక 60 మిగులుతుంది. పది లీటర్లకి డిటర్జెంట్ రెండు పెద్ద చెంచాలు. బోరు నీళ్లకి నురగ రాకపోతే బట్టల సోడా ఒక చెంచా. బట్టలు వేసి కర్రతో ముంచి మూత పెట్టి అరగంట వదిలెయ్యండి. చెయ్యి పెట్టకండి, కాలుతుంది. ఆ అరగంట అయ్యేదాకా బట్టలు దులపడం, బండకేసి బాదడం కూడా వద్దు, తుంపర లేస్తుంది. అరగంట తర్వాత మామూలుగా ఉతుక్కోవచ్చు. ఒక్కటే జాగ్రత్త, టెర్రీకాట్‌ని వేడి మీద పిండకూడదు. పిండితే పడిన ముడతలు ఇస్త్రీకి కూడా లొంగవు. చల్లారనిచ్చి పిండండి.

బ్లీచింగ్ తప్పదు, హాస్పిటల్ రూలు అంటే దానికి వేరే నీళ్లు చూసుకోవాలి. ఈ నెలలో వాన నీళ్లకి కొదవ లేదు. మొదటి జల్లు పెంకుల మీద దుమ్ము కడిగెయ్యనిచ్చి, ఆ తర్వాతి నీళ్లు డ్రమ్ములో పట్టండి. ఇనుము ఉండదు, సబ్బు బాగా నురుగుతుంది. కాలువ నీళ్లు ఇప్పుడు పనికిరావు, ఎర్రనీరు. ఆ మట్టే క్లోరిన్‌ని తినేస్తుంది, గుడ్డకి మిగలదు. బోరు నీళ్లే వాడాల్సి వస్తే ముందురోజు సాయంత్రం ఒక బకెట్లోంచి ఇంకో బకెట్లోకి ఎత్తు నుంచి పది పన్నెండు సార్లు ధారగా పొయ్యండి, కాస్త పటిక తిప్పి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారి పైతేట మాత్రం మగ్గుతో ముంచుకోవాలి. బకెట్ వంచితే అడుగుది లేచిపోతుంది.

ఇక కొలత. 1 శాతం ద్రావణం నేలకీ, బల్లలకీ. గుడ్డకి 0.05 శాతం, అంటే ఇరవయ్యో వంతు. ఈ రెండూ ఒకటే అనుకునే చోటే బట్టలు పీలికలవుతున్నాయి, చేతులు పొక్కుతున్నాయి.

5 శాతం హైపో (సోడియం హైపోక్లోరైట్, అంటే ద్రవంగా దొరికే బ్లీచింగ్) సీసా అయితే పది లీటర్ల నీళ్లకి 100 మి.లీ. 10 శాతందైతే 50 మి.లీ. వార్డులో కలిపి ఉంచిన 1 శాతం ద్రావణమైతే అర లీటరుకి తొమ్మిదిన్నర లీటర్ల నీళ్లు. పంచాయతీ వాళ్లు చల్లే బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ సుమారు 30 శాతం, దానికి పది లీటర్లకి 17 గ్రాములు. పౌడరు నేరుగా బట్టల మీద చల్లకండి. మగ్గులో కలిపి పావుగంట ఆగితే సున్నం అడుగుకి దిగుతుంది, పైతేట మాత్రమే బకెట్లో పొయ్యాలి. మూతి విప్పి వదిలేసిన బస్తాలో పౌడరు ఈ చెమ్మకి గడ్డకడుతుంది, బలం పోతుంది, ఏ లెక్కా దానికి పనిచెయ్యదు.

వరస: ముందు సబ్బు ఉతుకు, తర్వాత ఒక జాడింపు, ఆ తర్వాత క్లోరిన్ నీళ్లలో 30 నిమిషాలు, మళ్లీ రెండు జాడింపులు. క్లోరిన్‌కి చల్లటి నీళ్లే వాడాలి, వేడికి దాని బలం చెడుతుంది. ఏ పూట కలిపింది ఆ పూటే వాడాలి.

ఇప్పటికే పడిన తుప్పు మరకలకి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు. లీటరు గోరువెచ్చని నీళ్లకి రెండు చెంచాలు, మరక మునిగేలా అరగంట, తర్వాత బాగా జాడింపు. పోకపోతే ఇంకోసారి. కానీ బ్లీచింగ్ బకెట్లో నిమ్మ ఉప్పు గానీ, బాత్రూం కడిగే యాసిడ్ గానీ పడ్డాయంటే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. రెండింటికీ బకెట్లు వేరు, రోజులు కూడా వేరు పెట్టుకోండి.

కొబ్బరాకు – 2020 ఆగస్టు 9, రాత్రి 11:02

ఇన్ని లెక్కలెందుకండి బాబూ. డెటాల్ రెండు మూతలు వేసి నానబెట్టి, గంజి పెట్టి గట్టిగా ఇస్త్రీ చేస్తే పురుగు పుట్రా ఏదీ నిలవదు. ఎన్95 కూడా సర్ఫ్ నీళ్లలో జాడించి ఎండేస్తే వారం వస్తుంది ఆయ్.

హెడ్ సిస్టర్ – 2020 ఆగస్టు 10, ఉదయం 6:15

కొబ్బరాకు గారూ, డెటాల్ మాట పక్కన పెడదాం, సబ్బూ వేడినీళ్లూ ఉన్నచోట దాని అవసరం లేదు. మాస్కు మాట మాత్రం ప్రమాదమండి, చదివి ఎవరైనా చేస్తారు. ఎన్95 మధ్య పొర పాలీప్రొపిలీన్. ఆ పోగులకి ఎక్కించిన విద్యుదావేశమే సన్న తుంపరని లాగి పట్టేది. సబ్బు నీళ్లు తగిలినా స్పిరిట్ తగిలినా ఆ ఆవేశం పోతుంది. చూడ్డానికి మాస్కు అలాగే ఉంటుంది, బిగుతుగానే ఉంటుంది, వడపోత మాత్రం ఉండదు. చిరిగిన మాస్కైతే కనిపిస్తుంది, ఇది కనిపించదు, అదీ భయం.

కొరత ఉన్నప్పుడు అయిదు మాస్కులు, అయిదు కాగితం కవర్లు. కవరు మీద 1 నుంచి 5 అంకెలు, రోజుకొకటి. వాడింది ఆ కవర్లోనే వేసి గాలి ఆడేచోట పెడితే దాని వంతు మళ్లీ అయిదు రోజులకి వస్తుంది. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ పోదు. చెమటకి తడిసి ముద్దయినా, తాడు సాగినా, ముక్కు దగ్గర రేకు వంగకపోయినా, మీద ఏదైనా చిందినా ఈ వంతులకి పెట్టుకోకుండా పారెయ్యడమే. మన ఉక్కకి ఆరు గంటలు పీపీఈలో ఉన్న మాస్కు చాలాసార్లు ఈ లెక్కలోకే వస్తుంది. కవాటం ఉన్నవి తీసుకోకండి, మనం వదిలే గాలి వడపోత లేకుండా బయటికి పోతుంది. వాటిని వాడొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జూలైలోనే రాష్ట్రాలకి రాసింది.

గంజి కూడా వద్దు. పీపీఈ లోపల గంజి బట్ట చెమట పీల్చదు, అట్టలా బిగుసుకుని చంకలూ తొడలూ ఒరిపిడి పెడుతుంది. గంజి పెట్టిన యూనిఫాం వార్డు బయట అందం.

ఇప్పుడు పంటురేవు సిస్టర్‌కి. మొదటి మాట, వార్డు బట్ట ఇంటికి తేకపోతే సగం గొడవ లేదు. హాస్పిటల్ లాండ్రీలో వేస్తారేమో ఇన్‌ఛార్జిని అడగండి, అడిగితేనే ఇస్తారు. కుదరకపోతే బట్టలు రెండు రకాలు పెట్టుకోండి, దారి బట్టలు వేరు, వార్డు బట్టలు వేరు. పంటు మీద కూర్చునే చీరో డ్రస్సో వార్డు లోపలికి వెళ్లకూడదు, వార్డులో చెమటపట్టిన జత పంటు ఎక్కకూడదు. విప్పిన వార్డు జతని దిండు గలీబులా కుట్టిన గుడ్డ సంచిలో వేసి తాడు లాగి కట్టండి. ఇంటికి వెళ్లాక సంచిని బకెట్ మీద తలకిందులు చేసి బట్టలు జారనిచ్చి, సంచిని కూడా అందులోనే వేసెయ్యడం. చెయ్యి తగలాల్సిన పనే ఉండదు. ప్లాస్టిక్ కవరైతే అది మళ్లీ ఎక్కడ పారెయ్యాలన్న తలనొప్పి.

స్నానం హాస్పిటల్లోనే చేసి బయల్దేరితే మంచిది. అక్కడ వీలు లేకపోతే ఇంట్లో పెరటి వైపు నుంచి రండి. చెప్పులు గుమ్మం బయటే, బకెట్ బోరు దగ్గర ముందే పెట్టించి ఉంచాలి. ఫోన్ వార్డులోకి తీసుకెళ్లకండి. తప్పదంటే జిప్ కవర్లో పెట్టి, బయటికొచ్చాక కవరు పారేసి ఫోన్‌ని 70 శాతం స్పిరిట్ దూదితో తుడవండి.

నగలు. మోచేతి కింద ఏమీ ఉండకూడదు, అంతే. గాజులు, వాచీ, ఉంగరం, తోరం అన్నీ అందులోకే వస్తాయి. తోరం మీద మనసు పీకితే మోచేతి పైన దండచేతికి కట్టుకోండి, లేదా డ్యూటీ రోజుల్లో దేవుడి దగ్గర పెట్టండి. మణికట్టు మీద నూలుపోగు తడిస్తే గ్లోవ్ లోపల ఆరదు, స్పిరిట్ రుద్దినప్పుడు దాని కింద చర్మానికి అందదు. పసుపుతాడూ నూలే. ఆరు గంటల చెమట పీల్చి మెడ వెనక దద్దుర్లు తెస్తుంది. సూత్రాలు సన్న గొలుసుకి మార్చుకుని టాప్ లోపలికి వేసి, కింద కదలకుండా లోపలి బట్టకి ప్లాస్టర్‌తో అంటించండి. పిన్నీసు పెట్టకండి, కవరాల్‌కి (కిట్టులో ఒళ్లంతా కప్పే సూటు) చిల్లు పడుతుంది. మెట్టెల అంచు షూ కవర్‌ని కోస్తుంది. మందం సాక్స్ వేసుకుని మూసిన బూట్లు వేస్తే పర్లేదు, చెప్పులతో అయితే తియ్యాల్సిందే.

జుట్టుకి నూనె తక్కువ. ముడి మెడ మీదకి దించి వెయ్యండి. మాస్కు పై తాడు నడినెత్తి మీద కూర్చోవాలి, ముడి పైన ఉంటే తాడు జారుతుంది, నూనె ఉంటే ఇంకా జారుతుంది. పువ్వులు సరే, చెప్పక్కర్లేదు.

కవరాల్ వేసుకోగానే రెండు చేతులూ పైకెత్తి ఒకసారి గొంతుక్కూర్చోండి. కుట్టు పిర్రల దగ్గర లాగితే ఇంకో సైజు పెద్దది అడగండి. చిరిగేది ఎప్పుడూ అక్కడే, అదీ రోగిని తిప్పి పడుకోబెట్టడానికి వంగినప్పుడు. మరీ పెద్దదైతే కాళ్ల దగ్గర మడతలు పడి తొక్కి పడతారు. అతుకుల మీద టేప్ ఉందా లేదా చూడండి. కుట్టు సూది పడిన ప్రతి చోటా చిల్లు ఉంటుంది, ఆ టేపే దాన్ని మూసేది. మాస్కు పెట్టాక గట్టిగా ఊది చూడండి. గాలి కళ్ల వైపు తగిలితే ముక్కు రేకు మళ్లీ నొక్కాలి. కళ్లజోడు మసకబారడానికి చాలావరకు కారణం ఈ కారడమే. గాగుల్స్ లోపలి వైపు చేతులు కడుక్కునే లిక్విడ్ ఒక్క చుక్క రాసి, ఆరాక మెత్తటి గుడ్డతో తేలిగ్గా తుడిస్తే ఆవిరి నిలవదు.

ముక్కు మీద పుండు పడకుండా పల్చటి హైడ్రోకొల్లాయిడ్ (పుండ్లకి అంటించే మెత్తటి పట్టీ) ముక్క అంటించుకోవచ్చు. అంటించాక ఊదే పరీక్ష మళ్లీ చెయ్యండి. దూది, గాజ్ (కట్టు కట్టే గుడ్డ) మడతలు పెట్టకండి, పక్కనుంచి గాలి కారుతుంది. మాస్కు అంచు పడేచోట వాజలిన్ వద్దు, జారుతుంది. చేతులు పగిలితే కొబ్బరినూనె బంగారం లాంటిదే, మన కోనసీమలో దానికి కొదవా. కానీ రాత్రి పడుకునే ముందు రాసుకోండి, డ్యూటీ ముందు కాదు. నూనెకి రబ్బరు గ్లోవ్ మెత్తబడి చిట్లుతుంది.

వేసుకోవడం కంటే విప్పడం దగ్గరే అంటుకునేది. ఆరు గంటలయ్యాక ఒళ్లు మండిపోతూ ఎప్పుడు పీకి పారేద్దామా అని ఉంటుంది, ఆ తొందరే చేటు. మీ దగ్గర గోడకి అంటించిన వరస ఏదుంటే అదే పాటించండి, హాస్పిటల్ హాస్పిటల్‌కీ కొంచెం తేడా ఉంటుంది. ఎక్కడ తప్పుతుందో మాత్రం చెప్తాను. గాగుల్స్ ముందు పట్టుకుని లాగడం ఒకటి, వెనక తాడు పట్టుకుని ముందుకి వంగి తియ్యాలి. టోపీ ముందుకి లాగితే దాని బయటి వైపు గడ్డానికి తగులుతుంది, నడినెత్తి మీద పట్టుకుని వెనక్కి తొయ్యాలి. కవరాల్‌ని లోపలి వైపు పైకొచ్చేలా చాప చుట్టినట్టు భుజాల నుంచి కిందికి చుట్టుకుంటూ రావాలి, బయటి గ్లోవులు, షూ కవర్లు దానితోనే పోవాలి. లోపలి టాప్ పొడుగ్గా ఉంటే ఆ చుట్టలో ఇరుక్కుని పైకి లేచేది ఇక్కడే, అందుకే పొట్టి టాప్ కుట్టించుకోండి. ప్రతి అడుక్కీ చేతులకి స్పిరిట్. మాస్కు అన్నిటికంటే చివర, ఆ గది దాటి బయటికొచ్చాక. కింది తాడు ముందు, పై తాడు తర్వాత, ముందు భాగం ముట్టుకోకుండా. ఎదురుగా ఒకరు నిలబడి చూస్తూ చెప్తుంటే తప్పులు సగం తగ్గుతాయి.

చెత్త బుట్టల రంగు కూడా అందరూ తికమక పడతారు. సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) 2020లో కోవిడ్ వార్డులకి చెప్పిన ప్రకారం మాస్కు, తలటోపీ, షూ కవరు, ప్లాస్టిక్ కాని గౌను పసుపు సంచిలో. గాగుల్స్, ఫేస్ షీల్డ్, ప్లాస్టిక్ కవరాల్, నైట్రైల్ గ్లోవులు ఎరుపు సంచిలో. సంచి రెండు పొరలుగా.

కత్తెర మావయ్య – 2020 ఆగస్టు 10, ఉదయం 10:30

కుట్టు సంగతి నేను చెప్తానమ్మా.

గుడ్డ: లోపల వేసుకోవడానికి నూరు శాతం కాటన్ పాప్లిన్. టెర్రీకాట్‌లో పాలిస్టర్ 65 పాళ్లు దాకా ఉంటుంది, చెమట పీల్చదు, ఒంటికి అంటుకుపోతుంది. ఆరడం మాత్రం టెర్రీకాట్ ముందు ఆరుతుంది, ఈ వానల్లో అది చిన్న విషయం కాదు. ఎండాకాలం అయితే కాటన్ తప్ప ఇంకో మాట చెప్పను. ఇప్పుడైతే రెండు కాటన్, రెండు టెర్రీకాట్. మొత్తం నాలుగు జతలు ఉంటే ఒంటి మీద ఒకటి, తీగ మీద రెండు, బీరువాలో ఒకటి. మూడుకి తగ్గితే ఒక్క వాన మీ డ్యూటీ చెడగొడుతుంది.

కొట్టువాడు కాటన్ అన్నంత మాత్రాన నమ్మకండి. అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలితే కాటన్. కరిగి నల్లటి పూస కడితే అందులో పాలిస్టర్ ఉంది.

కొలత: 44 అంగుళాల పన్నాలో, ఛాతీ 38 ఉన్న మనిషికి టాప్‌కి మీటరూ ముప్పావు, ప్యాంటుకి రెండుంపావు, మొత్తం నాలుగు మీటర్లు. 58 పన్నా అయితే మూడు సరిపోతాయి. కొన్న గుడ్డ కత్తెర పెట్టే ముందే తెర్లే నీళ్లలో వేసి చల్లారేదాకా ఉంచి ఆరేసి ఇస్త్రీ చేయించండి. పైన చెప్పినట్టు ప్రతిరోజూ 60 డిగ్రీల నీళ్లలో ఉతికితే కాటన్ కుంచించుకుపోతుంది. ముందే కుంచకపోతే నెల తిరిగేసరికి ప్యాంటు పిక్కల మీదకి వస్తుంది. మీ దర్జీ "తడపక్కర్లేదమ్మా" అంటే ఆయన తొందర ఆయనది, మీ ప్యాంటు మీది.

టాప్: కాలరు వద్దు, వి మెడ. కవరాల్ టోపీ కింద కాలరు మడతపడి మెడ నొక్కుతుంది. పొడుగు 28 అంగుళాలు, తుంటి కిందికి దిగితే చాలు. చేతుల పొడుగు 9 అంగుళాలు, మోచేతి పైనే ఆగాలి. ఛాతీకి 6 అంగుళాల లూజు. పక్క చీలిక 6 అంగుళాలు. జిప్పులు, హుక్కులు, టిచ్ బటన్లు ఏవీ వద్దు. ఇనుపవి క్లోరిన్‌కి తుప్పు పట్టి గుడ్డని తింటాయి, పైగా లోపల గుచ్చుకుంటాయి. చున్నీ అసలే వద్దు, కవరాల్ జిప్పులో పడితే అక్కడే ఆగిపోతారు.

ప్యాంటు: చుడీ వద్దు, మరీ వదులూ వద్దు. బాటమ్ చుట్టు 13 అంగుళాలు, చీలమండ దగ్గర ఆగాలి. నడుము దగ్గర వెనక సగం ఎలాస్టిక్, ముందు నాడా. మొత్తం ఎలాస్టిక్ వేస్తే వేడినీళ్లకి, క్లోరిన్‌కి రెండు నెలల్లో సాగిపోతుంది. మొత్తం నాడా అయితే ముడి పొట్ట మీద ఆరు గంటలు నొక్కుతుంది. ఎలాస్టిక్ గొట్టం పక్క కుట్టు దగ్గర అంగుళంన్నర కుట్టకుండా వదిలెయ్యమనండి, సాగినప్పుడు ప్యాంటు విప్పకుండానే కొత్తది ఎక్కించుకోవచ్చు.

దారం పాలిస్టర్‌ది వాడమనండి. నూలు దారం క్లోరిన్‌కి గుడ్డకంటే ముందు చచ్చిపోతుంది. కుట్లు రెండు వరసలు, లోపలి అంచు మడిచి కుట్టాలి. ఓవర్‌లాక్ పోగులు చెమటకి తొడల దగ్గర గీరుతాయి. జేబు ఒకటే, కుడి తుంటి మీద. ఛాతీ మీద జేబు పెడితే అలవాటు కొద్దీ పెన్ను పెట్టేస్తారు, అది లోపల పొడుస్తుంది.

రంగు మార్చుకోవచ్చంటే లేత నీలం, లేత ఆకుపచ్చ మంచివి. ఇనుప మరక తెలుపు మీద కనిపించినంత కనిపించదు. తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూసి రంగు అంటకపోతేనే కొనండి.

పంటురేవు – 2020 ఆగస్టు 10, మధ్యాహ్నం 2:10

చాలా చాలా థాంక్సండి అందరికీ. గుడ్డ రేపే తీసుకుంటాను. రెండే మాటలు మిగిలాయి. నెలసరి రోజుల్లో ఆరు గంటలు ఎలా? నీళ్లు తాగకుండా వెళ్లమని కొందరు అంటున్నారు, మధ్యలో బాత్రూంకి వీలుండదు కాబట్టి. ఇంకొకటి, ముక్క వాసన.

హెడ్ సిస్టర్ – 2020 ఆగస్టు 10, మధ్యాహ్నం 3:05

నీళ్లు మానెయ్యమన్నవాళ్ల మాట వినకండి. ఆ ఉక్కలో నీళ్లు లేకుండా వెళ్తే మూడో గంటకి కళ్లు తిరుగుతాయి, పడిపోయారంటే మిమ్మల్ని లేపడానికి ఇంకో కిట్టు, ఇంకో మనిషి. రాత్రి నుంచే బాగా తాగుతూ రండి. కిట్టు వేసుకోవడానికి ముప్పావుగంట ముందు రెండు గ్లాసులు, తర్వాత ఒకసారి బాత్రూం, అప్పుడు కిట్టు. లీటరు నీళ్లకి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు కలిపి పెట్టుకుని బయటికి రాగానే తాగండి. ప్యాకెట్టు సగం, నీళ్లు సగం అని విడగొట్టొద్దు, ఆ పొడి లీటరుకే లెక్క. బీపీ, కిడ్నీ మందులు వాడేవాళ్లు ఓఆర్ఎస్ డాక్టర్ని అడిగి తాగాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే తాగింది చాలలేదని. టిఫిన్ తిని వెళ్లండి, అల్లం పచ్చడీ పెసరట్టూ మాత్రం కాదు, త్రేన్పులు మాస్కులోనే తిరుగుతాయి. తల దిమ్ముగా ఉన్నా, చెమట ఆగిపోయినా, వాంతి వచ్చేలా ఉన్నా వెంటనే చెప్పి బయటికి రావాలి. బయటికి వచ్చేటప్పుడు కూడా విప్పే వరస తప్పకూడదు.

నెలసరికి రాత్రిపూట వాడే పొడుగు ప్యాడ్ కిట్టు వేసుకునే ముందే కొత్తది. ఎక్కువగా అయ్యేవాళ్లు పెద్దల డైపర్ వేసుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చాలామంది వాడుతున్నారు. మొదటి రెండు రోజులు కిట్టు వేసే విప్పే గదిలో చూసుకునే డ్యూటీ ఇమ్మని ఇన్‌ఛార్జిని అడగండి, అక్కడా మనిషి కావాలి. వాయిదా మాత్రలు సొంతంగా మింగకండి, డాక్టరు రాస్తేనే.

లాండ్రీ సెక్షన్ – 2020 ఆగస్టు 10, సాయంత్రం 6:50

ముక్క వాసన బట్ట తడిగా ఎక్కువసేపు ఉండటం వల్లేనండి. ఉతికింది బకెట్లో పిండకుండా వదిలేస్తే అక్కడే మొదలవుతుంది. చల్లారాక పిండిన జతని పొడి తువాలులో చుట్టి చాపలా నొక్కితే సగం తడి తువాలు లాగేస్తుంది. తర్వాత టాప్‌ని తిరగేసి హ్యాంగర్‌కి వేసి ఫ్యాన్ కింద వేలాడదియ్యండి, చంకలూ నడుము పట్టీ బయటికి కనిపించాలి. ఆఖరికి ఆరేవి అవే. తీగ మీద రెండు పొరలుగా మడిచి వెయ్యకండి, మధ్య పొరలోనే వాసన. ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు ఇస్త్రీ చేసి మళ్లీ ఒక గంట గాలికి వదిలి అప్పుడు బీరువాలో పెట్టండి. కాటన్‌కి ఇస్త్రీ పూర్తి వేడి, టెర్రీకాట్‌కి మధ్యస్థం, లేకపోతే మెరుగు మచ్చలు పడతాయి.

వాసన పట్టేసిన జత ఉంటే వాన నీళ్లు మరిగించి, బట్టల సోడా రెండు చెంచాలు వేసి గంటసేపు ఉంచి మళ్లీ ఉతకండి. అత్తరు, కంఫర్ట్ లాంటివి పోస్తే వాసన కప్పబడుతుంది గానీ పోదు. పైగా ఆ మెత్తటి జిడ్డుకి కాటన్ చెమట పీల్చడం తగ్గుతుంది.

మీ పాత తెల్ల జతలు రెండూ పారెయ్యకండి. నిమ్మ ఉప్పుకి మరక వదిలితే పొడుగు చేతులవి కాబట్టి స్కూటర్ మీదా పంటు మీదా దారి బట్టలుగా పనికొస్తాయి. వదలకపోతే ఒకదాన్ని కోసి రెండు సంచులు కుట్టించుకోండి, హెడ్ సిస్టర్ గారు చెప్పిన గలీబు సంచులకి ఆ గుడ్డే సరిపోతుంది. ఒకటి ఉతుకులో ఉన్నప్పుడు ఇంకొకటి.